తలుపు మూసి ఉంటే పది నిమిషాలు ఆగు

మార్చి 8

కాగితం పూర్తయింది. ఏడు పేజీలు. చిత్తు ప్రతి ఒకటి, సాపు ప్రతి ఒకటి. సాపుది మా ఆవిడకి, చిత్తుది నాకు. స్కేలు పెట్టి గీతలు కొట్టి, పేజీకి ఇన్ని లైన్లని చూసుకుని రాశాను. చెయ్యి ఇంకా పోలేదు.

తను ఇంతవరకూ విమానం ఎక్కలేదు. పదకొండున మా ఊరి చిన్న విమానంలో పెద్ద ఎయిర్‌పోర్టుకి వెళ్లి, అక్కడ దిగి ఇంకోటి ఎక్కాలి. దిగేది రెండూ ఇరవైకి, ఎక్కేది అయిదుంపావుకి. మధ్యలో దాటాల్సింది నేను ఇరవయ్యారేళ్లు దారి బోర్డులు పెట్టిన చోటు. రోజుకి లక్షమంది, వాళ్లకి వంద భాషలు. వాళ్లందరినీ నడిపించినవాణ్ణి, ఒక్క పెళ్లాన్ని నడిపించలేనా?

వాళ్లక్కకి, అంటే మా వదినకి, పన్నెండో తారీకు పొద్దున ఎనిమిదింటికి గొంతు ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. తర్వాత తింటుంది, తిరుగుతుంది, మాట మాత్రం ఉండదు. ముప్పై ఒక్క ఏళ్లు బస్‌స్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడుందో చెప్పిన మనిషి. మా ఆవిడకి రెండేళ్లప్పుడు వాళ్లమ్మ పోయింది. అప్పుడు వదినకి పన్నెండు. చెల్లెల్ని పెంచింది తనే. "పదకొండు సాయంత్రానికి వచ్చెయ్. అమ్మ గురించి ఇన్నాళ్లూ చెప్పనిదంతా చెప్తాను. డాక్టరు మాట్లాడొద్దన్నాడు, నీకోసం గొంతు దాచుకుంటున్నా" అందట. అందుకే ఈ ప్రయాణం.

మొదటి పేజీ పైన రెండు గీతలు కొట్టి రాశాను. ఎవర్నీ అడగొద్దు. బోర్డు చూడు, కాగితం చూడు, నడు.

మా సెక్షన్‌లో పెద్దాయన నేర్పిన సూత్రం అది. ఒక మనిషి ఆగి ఇంకో మనిషిని దారి అడిగాడంటే అక్కడ మన బోర్డు ఓడిపోయినట్టే. స్తంభం చాటున నిలబడి, ఎంతమంది ఎవర్ని అడుగుతున్నారో లెక్క రాసుకునేవాళ్లం. మూడో హాలు మలుపులో రోజుకి నలభైమంది అడిగేవాళ్లు. నేను బాణం మార్చాక ముగ్గురికి దిగింది.

"ఇంత రాసే బదులు మీరే రావచ్చుగా" అంది తను.

"మోకాలు" అన్నాను.

వదినకి నా బోర్డులంటే వేళాకోళం. మా ఎయిర్‌పోర్టులో మైకు ప్రకటనలు ఆపేసి అంతా బోర్డుల మీదే నడపాలని సిఫార్సు చేసిన కమిటీలో నేనూ ఉన్నాను. ఆ సంగతి చెప్పినప్పుడు భోజనాల దగ్గర అందరి ముందూ అంది కదా, "మరిదిగారూ, మీ బోర్డులకి నోరుందా? ఒక ముసలమ్మ దారి తప్పితే ఇటు రా తల్లీ అని పిలుస్తాయా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనుషుల్ని అడగనివ్వండి." అందరూ నవ్వారు. అలాంటివి మనసులో పెట్టుకునే రకం కాదు నేను. ఆ మాట అని ఆరేళ్లయింది.

మార్చి 9

నిచ్చెన ఫోన్ చేశాడు. నా కింద పన్నెండేళ్లు పనిచేశాడు. నిచ్చెన వెయ్యకుండానే చెయ్యెత్తి బోర్డు తుడిచేంత పొడుగు, అందుకే ఆ పేరు. ఏవేవో కబుర్లు. కొత్త ఆఫీసరుకి బాణానికీ బల్లేనికీ తేడా తెలీదట. నడవంతెన దారి మూస్తారనో మూసేశారనో కూడా ఏదో అన్నాడు. వాడి మాటల్లో సగం గాలికి పోతాయి.

సాపు ప్రతి అప్పటికే తన సంచిలో పెట్టేశాను.

మార్చి 11

పొద్దున దింపి వచ్చాను. తను కుడి అంటే ఎటో ఇప్పటికీ చెయ్యి కదిపి చూసుకుంటుంది. అందుకని కాగితంలో ప్రతిచోటా "కుడి, అంటే నువ్వు రాసే చెయ్యి" అని రాశాను. లోపలికి వెళ్తూ రాసే చెయ్యి ఎత్తి ఊపింది. ఆట పట్టించడానికే.

సాయంత్రం. ఈపాటికి అక్కాచెల్లెళ్లు కబుర్లలో పడి ఉంటారు. మధ్యలో ఒకసారి ఫోన్ చేసింది. చిన్న విషయమే.

మార్చి 12

రెండో విమానం అందలేదట. రాత్రంతా అక్కడే కుర్చీలో ఉండి, పొద్దున పదకొండు గంటల విమానానికి వెళ్లింది. చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది.

నిన్న నాకు చెప్పలేదు. చెప్తే కోప్పడతానని.

మార్చి 13

మళ్లీ ఫోన్ చేసింది. గంటసేపు మాట్లాడింది. నేను ఊఁ కొట్టాను.

నిన్నగాక మొన్న సాయంత్రం ఏడింటికి ఎయిర్‌పోర్టు నుంచి ఆస్పత్రికి ఫోన్ చేసిందట. మర్నాడు ఆపరేషన్ కదా, పేషంటుకి ఫోన్ ఇవ్వడం కుదరదన్నారట. ఏడిస్తే నర్సు జాలిపడి, ఒక్క నిమిషమని వదిన చెవి దగ్గర పెట్టిందట. వదిన "తిన్నావా?" అందట. తనకి ఏడుపు ఆగలేదు, జవాబు చెప్పలేకపోయింది. నిమిషం అయిపోయింది, నర్సు ఫోన్ తీసేసుకుంది.

"అంతేనండీ. అక్క గొంతు నాకు మిగిలింది అంతే. తిన్నావా."

తర్వాత అంది, "తప్పు నాదే. ఏడు పేజీలు రాసిచ్చారు, నాకే బుర్ర లేదు. నేను నిలబడ్డ తలుపు మీరు చెప్పిన తలుపు కాదేమో."

"అయ్యుండచ్చు" అన్నాను. "పోనీలే, అలవాటు లేని ప్రయాణం."

"మీకు కోపం లేదుగా? నన్ను క్షమించారుగా?"

క్షమించానన్నాను. పెద్దమనసుతోనే అన్నాను.

మార్చి 20

వదినకి కుదుటపడేదాకా రానంది. ఎన్నాళ్లో చెప్పలేదు.

వంటింట్లో ఇరవై రెండు డబ్బాలున్నాయి. ఒక్కదాని మీద అక్షరం లేదు. అన్నీ ఒకటే సైజు, ఒకటే మూత. ఇంత అన్యాయమైన ఏర్పాటు నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. కూరలో పంచదార వేశాను. చివరికి ఫోన్ చేసి ఉప్పెక్కడని అడిగాను.

"కింది అరలో మూడోది. పక్కనే పంచదార, నాలిక మీద వేసుకుని చూడండి" అంది.

బోర్డు లేని వంటింట్లో ముప్పై రెండేళ్లుగా తను ఒక్కసారి కూడా దారి తప్పలేదు. డబ్బాల మీద చీటీలు అంటించాలని కత్తిరించాను. ఎందుకో అంటించలేదు.

మార్చి 26

ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు.

ఏప్రిల్ 2

ఇవాళ చేసింది. వదిన ఇప్పుడు పలక మీద రాసి చూపిస్తోందట. మైకులో మూడు దశాబ్దాలు గడగడా మాట్లాడిన మనిషికి రాయడం పరమ చిరాకు. రెండు మాటలు రాసి, తుడిచేసి, చేత్తో సైగ చేసి విసుక్కుంటుందట. అమ్మ గురించి రాయమని తను అడిగితే "పొడుగు" అని రాసిందట. కాసేపాగి "నవ్వితే వీధంతా వినిపించేది" అని రాసిందట. అక్కడితో చెయ్యి ఆగిపోయిందట.

"నిన్న ఇంకోటి రాసిందండీ. అమ్మ గొంతు అచ్చం తన గొంతేనట. ఇంటికొచ్చినవాళ్లంతా అనేవాళ్లట. ఇన్నాళ్లూ నేను వింటున్నది అమ్మ గొంతేనన్నమాట. నాకు తెలీదు. ఆ సాయంత్రం అది చెప్పి, అమ్మలాగా మాట్లాడి వినిపిద్దామనుకుందట."

లైను తెగిందనుకుని హలో హలో అంది.

"ఉన్నాను" అన్నాను.

"ఒక్కటి చెప్పండి. మీకు ఆ చోటంతా కంఠతా కదా. రాత్రీ పగలూ అదే ఆలోచన. అక్కడ రెండు తలుపులున్నాయా? నేను రెండోదాని దగ్గర నిలబడ్డానా?"

"రెండున్నాయి" అన్నాను.

"అనుకున్నాను" అంది. గొంతులో తేలిక కూడా వినిపించింది. తన తప్పేమిటో తేలింది కదా.

అక్కడున్నది ఒక్కటే తలుపు. దాని మీద బోర్డు పెట్టింది నేనే.

ఏప్రిల్ 3

మోకాలికి ఏ నొప్పీ లేదు. ఎప్పుడూ లేదు.

ఏప్రిల్ 9

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇందులోనూ ఒళ్లు దాచుకునే రాస్తున్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాణ్ణి చూసి నవ్వుతాం. నేను నాలుగో కాలు చేత్తో నొక్కిపట్టి మూడే అంటున్నాను. ఇవాళ వరసగా రాస్తాను.

తనతో ఎందుకు వెళ్లలేదు? పెద్ద పాసు మెడలో వేసుకుని, సిబ్బంది తలుపుల్లోంచి విసవిసా తిరిగిన చోట, బెల్టు చేత్తో పట్టుకుని క్యూలో నిలబడితే పాతవాళ్లు చూస్తారని. వెళ్తే వదిన ఎదురుగా కూర్చోవాలి. ఆవిడ చివరి మాటలు వినాల్సిన సాయంత్రం నన్నేమైనా అంటుందేమోనని. ఇంతే. మోకాలు కాదు.

నాలుగో పేజీలో నడవంతెన ఉంది. పాత భవనం నుంచి కొత్త భవనానికి పైనుంచి దారి. దాని తలుపు అప్పుడప్పుడూ మూస్తారు. బయటిదేశాల నుంచి దిగినవాళ్లని అటు దాటించేటప్పుడు, పోయేవాళ్లతో కలవకుండా ఓ పది నిమిషాలు మూసి మళ్లీ తెరుస్తారు. నా కాలంలో రోజూ జరిగేదే. అందుకే రాశాను. తలుపు మూసి ఉంటే పది నిమిషాలు ఆగు, తెరుస్తారు.

మార్చి తొమ్మిదిన నిచ్చెన చెప్పింది వినిపించింది. పూర్తిగా వినిపించింది. అయినా సాపు ప్రతి తీసి నాలుగో పేజీ కొట్టేసి, "ఇక్కడ ఎవర్నైనా అడుగు" అని రాయడానికి చెయ్యి రాలేదు. ముందురోజే తనతో వాదించి గెలిచాను. "ఎవర్నైనా అడిగితే పోలా?" అని తనంటే, అడిగేవాళ్లు అడుక్కునేవాళ్లలాంటివాళ్లని కూడా అన్నాను. ఇప్పుడు ఏ మొహంతో కొట్టేస్తాను?

పదకొండున తను చేసిన ఫోన్. "చిన్న విషయమే" అని రాశాను. వెనక్కి తిప్పి చూస్తే ఆ మాట నావైపే చూస్తోంది.

మూడున్నర కాలేదు అప్పటికి. "ఏమండీ, తలుపు మూసుంది, పావుగంటైంది" అంది.

"కాగితంలో ఏం రాశాను? చదువు" అన్నాను.

చదివింది. బళ్లో పిల్లలా, అక్షరం పొల్లు పోకుండా. "తలుపు మూసి ఉంటే పది నిమిషాలు ఆగు, తెరుస్తారు."

"మరి? ఆగు."

సరేనంది. పెట్టేసింది.

పెట్టేశాక నిచ్చెన మాట గుర్తొచ్చింది. కాదు. పెట్టేశాక గుర్తు రావడమేంటి, ఆగు అంటున్నప్పుడే గుర్తుంది. ఫోన్ చేతిలోనే ఉంది. మళ్లీ చేస్తే చెబుదాం అనుకున్నాను. నా అంతట నేను చేసి "కాగితం తప్పు" అనడం కంటే, తనడిగితే చెప్పడం తేలిక. చూస్తూ కూర్చున్నాను. చెయ్యలేదు తను. ఎలా చేస్తుంది? ఎవర్నీ అడగొద్దని రెండు గీతలు కొట్టి మరీ రాశాను. ఆ ఎవర్నీలో నేనూ ఉన్నాను.

నా ఒక్క మాటకి దొరికే సాయంత్రం అది. నేను పోగొట్టాను. పైగా తను క్షమాపణ అడిగితే క్షమించాను.

ఏప్రిల్ 10

నిచ్చెనకి ఫోన్ చేశాను. నడవంతెన ఎప్పుడు మూశారని అడిగాను.

"అన్నా, ఆ రోజే చెప్పానుగా, మార్చి ఒకటి నుంచి మూతే. పగుళ్లొచ్చాయట. తెరవరిక."

"మరి పైన బోర్డు?"

"అది మీదే అన్నా, ఇంకా వెలుగుతోంది. కొత్త బోర్డులు వచ్చేదాకా దించొద్దన్నాడు ఆఫీసరు."

పద్నాలుగుకి టికెట్టు తీసుకున్నాను. తను వెళ్లిన విమానాలే. చిత్తు ప్రతి పట్టుకుని, మొదటి పేజీ నుంచి, నేను రాసినట్టే నడుస్తాను. తనకి వస్తున్నానని మాత్రం చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

"మోకాలు జాగ్రత్త" అంది.

ఏప్రిల్ 14

నాలుగో పేజీ తలుపు ఎదురుగా కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. టైము మూడూ పది.

ముందు మా ఊళ్లోనే పరువు పోయింది. తనిఖీ దగ్గర ట్రేలో ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో తెలీలేదు. నా ఏడు పేజీల్లో తనిఖీ గురించి ఒక్క ముక్క లేదు. ఎలా ఉంటుంది? నన్నెవరూ ఎప్పుడూ తనిఖీ చేయలేదు. "తాతగారూ, బెల్టు" అంది అక్కడి అమ్మాయి. తీశాను. "తాతగారూ, గడియారం." తీశాను. "జేబులో అదేంటి?" స్కేలు. పదిహేను సెంటీమీటర్ల ఉక్కు స్కేలు, అలవాటు కొద్దీ ఉంటుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి వదిలేసింది. నా వెనక క్యూ అంతా ఒక్కసారిగా నిట్టూర్చింది. అరవై నాలుగేళ్లకి ప్యాంటు చేత్తో పట్టుకుని నడిచాను. మా ఆవిడ ఇదంతా ఒక్కతే దాటింది, ఫిర్యాదు కూడా చెయ్యలేదు.

ఇక్కడ దిగాక మొదటి పేజీ తీశాను. "బయటికి రాగానే ఎదురుగా పసుపు బోర్డు కనిపిస్తుంది." కనిపించలేదు. బోర్డు ఉంది. నా ముందు నడిచేవాళ్ల తలలు, ఎత్తిపట్టుకున్న సంచులు, భుజాల మీద పిల్లలు, వాటి వెనక ఉంది. మేం బోర్డులు కొలిచేది హాలు ఖాళీగా ఉన్నప్పుడు. చేతిలో సామాను లేకుండా, తొందర లేకుండా, నడుం మీద చేతులు పెట్టుకుని చూసేవాళ్లం. అలా చూస్తే ఏ బోర్డైనా బాగానే కనిపిస్తుంది. వెనకనుంచి ఎవరిదో పెట్టె చక్రం మడమకి తగులుతుంటే తలెత్తి చదవడం వేరే పని. ఇరవయ్యారేళ్లలో ఆ పని ఒక్కసారి కూడా చెయ్యలేదు నేను.

రెండో పేజీ. "నీలం గడియారం కింద కుడికి, అంటే నువ్వు రాసే చెయ్యి." గడియారం లేదు. ఆ చోట అత్తర్ల దుకాణం. దారి దుకాణంలోంచే, పాములా మెలికలు తిరుగుతూ పోతోంది. ప్రతి మలుపులోనూ ఒకమ్మాయి చేతి మీద ఏదో చల్లుతానంటుంది. రెండుసార్లు తిరిగి మొదటికే వచ్చాను. ఇక్కడ తను ఏం చేసి ఉంటుంది? మెలికలన్నీ తిరిగి ఎలాగో బయటపడి ఉంటుంది. నా కాగితం తప్పని మాత్రం అనుకుని ఉండదు. కాగితానికి సరిపోయే చోటు కోసం వెతుక్కుని ఉంటుంది.

మూడో పేజీలో కదిలే మెట్లు రెండు జతలన్నాను. ఇప్పుడు నాలుగు. ముప్పావుగంటలో నేనొక్కణ్ణే ఆరుచోట్ల ఆగాను, అడగబోయి మింగేశాను. అడగడానికి నోరు తెరవడం ఇంత కష్టమని తెలీదు. సిగ్గుతో చెవులు కాలాయి.

ఇదీ తలుపు. గరుకు గాజు తలుపు, అటువైపు ఏమీ కనపడదు. పైన నా బోర్డు, నా బాణం, నేను పట్టుబట్టి పెట్టించిన అంగుళం పెద్ద అక్షరాలు. ఒక్క మరక లేకుండా వెలుగుతోంది. మూసేశామన్న కాగితం ముక్క ఒకటి తలుపు కిందిభాగంలో అంటించారు. ఒక మూల ఊడి, రాత లోపలికి చుట్టుకుపోయింది. కావాలని వెతికితే తప్ప కంటపడదు.

నేను ఇక్కడ నిలబడి పది నిమిషాలు చూశాను. తెరవరని తెలిసీ, బోర్డు వైపు చూస్తుంటే తెరుస్తారనే అనిపించింది.

మూడూ నలభై అయిదు. నేల తుడిచే ఆవిడ యంత్రం తోసుకుంటూ వచ్చి నా దగ్గర ఆపింది.

"ఎవరికోసం బాబుగారూ? అది తెరవరు."

"తెలుసు" అన్నాను.

"తెలిసీ కూర్చున్నారా? బాగుంది. పోయిన నెల ఒకావిడ తెలీక నిలబడింది, అది నయం."

ఆవిడే చెప్పింది.

"చేతిలో కాగితాల కట్ట. అమ్మా, ఎక్కడికెళ్లాలి అని నేనే అడిగా. ఎక్కడికీ లేదమ్మా, తెరుస్తారు, మా ఆయన ఈ ఎయిర్‌పోర్టులోనే చేశారు, ఆయనే రాసిచ్చారు అంది. ఎంత గొప్పగా చెప్పిందనుకున్నారు! బోర్డు కూడా చూపించింది, అది మా ఆయన పెట్టిందే అని. ఇరవయ్యేళ్లుగా తుడుస్తున్నా ఈ నేల, ఆవిడ మాట విని నాకే అనుమానం వచ్చింది, తెరుస్తారేమోనని. ఎవర్నీ అడగొద్దన్నారట ఆయన. 'నేనడగలేదు, మీరే అడిగారు, అందుకని తప్పులేదు' అని నవ్వింది కూడా."

"తర్వాత?"

"ఇంకో రౌండు కొట్టి వచ్చా. అప్పుడూ నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు, తెరవగానే వెళ్లాలట. మూడోసారి వచ్చేసరికి ఏడుస్తోంది. ఇక నేను మాట వినలేదు, చెయ్యి పట్టుకుని ఆ చివరిదాకా తీసుకెళ్లా. పరుగెత్తింది పాపం. గేటు ముందే మూసేస్తారుగా, అందుకుందో లేదో."

"అందుకోలేదు" అన్నాను.

ఆవిడ నా చేతిలో కాగితాలు అప్పుడు చూసింది. యంత్రం స్విచ్చి కట్టేసింది.

నా జేబులో టికెట్టుంది. గేటు నెంబరు నాకు తెలుసు. బోర్డులు వెతుక్కుంటూ వెళ్తే దొరికేదేమో కూడా. అయినా లేచి నిలబడి, "అమ్మా, యాభై రెండో గేటుకి ఎలా వెళ్లాలి?" అని అడిగాను. గొంతు నాది కాదనిపించింది.

"ఇటు నేరుగా వెళ్లి, పిల్లలు ఆడుకునే చోటు దాటి, మెట్లు దిగాలి. ఎందుకూ, రండి, నేనూ అటే" అంది. చొక్కా చెయ్యి పట్టుకుని నడిపించింది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

అదే పది నిమిషాలు.

ఏప్రిల్ 15

నిన్న సాయంత్రం చేరాను. వదిన తలుపు తీసింది. మెడకి గుడ్డ చుట్టుకుని, మనిషి సగమైంది. నన్ను చూసి పలక తీసి రాసింది. "దారి ఎవర్నైనా అడిగారా మరిదిగారూ?"

"అడిగాను వదినా" అన్నాను.

నవ్వింది. భుజాలు కదిలాయి, చప్పుడు లేదు. వీధంతా వినిపించే నవ్వు అది. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

నిన్న చెప్పలేకపోయాను. ఇవాళ పొద్దునా చెప్పలేకపోయాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, వదిన కూడా అక్కడే ఉండగా చెప్పాను. వరసగా, ఈ నెల తొమ్మిదిన ఇక్కడ రాసినట్టే. నిచ్చెన చెప్పింది, మోకాలు, ఫోను. వదిన కదల్లేదు. తను వింటూ చేతిలో గ్లాసు తుడుస్తూనే ఉంది. ఎప్పుడో ఆరిపోయిన గ్లాసు.

"ఒక్కటే తలుపా?" అంది.

"ఒక్కటే."

"నేను నిలబడింది సరైన తలుపు దగ్గరే."

"అవును."

లోపలికి వెళ్లి సాపు ప్రతి తెచ్చింది. నాలుగో పేజీ తీసి నా ముందు పెట్టింది. అంచున పెన్సిలుతో ఉంది, నిలబడి రాసిన వంకర రాత.

3.10 మూసే ఉంది.
3.20 మూసే ఉంది.
3.25 ఆయనకి చేశాను. ఆగమన్నారు.
3.40 మూసే ఉంది.
4.00 మూసే ఉంది. ఒకావిడ అడిగింది, చెప్పాను.
4.15 మూసే ఉంది.
4.30 ఆయనే చేస్తారేమో.
4.50

4.50 పక్కన ఏమీ లేదు.

"నెల రోజులుగా అక్కని క్షమించమని అడుగుతున్నానండీ" అంది. "రోజూ. మిమ్మల్ని కూడా అడిగాను. మీరు క్షమించారు."

గొంతు పెంచలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

ఆ తలుపు ఎదురుగా కుర్చీ వేసుకుని ఇది రాస్తున్నాను.

3.40 మూసే ఉంది.

3.50 మూసే ఉంది. తన కోపం తగ్గాక తనే తీస్తుంది. ఇప్పుడు కదిలించడం మంచిది కాదు.

4.10 మూసే ఉంది. వదిన టీ తెచ్చి పెట్టింది. నాకు ఒక్కడికే కాదు, రెండు కప్పులు. రెండోది చల్లారిపోతోంది.

4.30 మూసే ఉంది. తనే పిలుస్తుందేమో.

4.50 పై లైను రాసి, దాన్నే చూస్తూ ఇంతసేపు కూర్చున్నాను. వదిన వచ్చి నా భుజం మీంచి ఈ పుస్తకంలోకి చూసింది. నేను మూసెయ్యలేదు. పలక తీసుకుని, విసుగ్గా, సుద్ద విరిగేలా రాసి నా ఒళ్లో పెట్టింది.

అడగందే అమ్మైనా పెట్టదు.

లేచి తలుపు కొడుతున్నాను.